క్లిప్పు పెట్టినంక పారకం కొలవాలె



పోస్టు పొడుగుంటది, జర ఓపికగా చదవుండ్రి. మెదడుల రక్తనాళం ఉబ్బి పగిలితే చేసే ఆపరేషన్ గురించి, ఆ ఆపరేషన్ నడుస్తుండగనే రక్తం ఎంత పారుతుందో ఎట్ల కొలుస్తరో దాని గురించి రాస్తున్నం. "అది డాక్టర్ల పని, మనకెందుకు" అని మీకు అనిపించొచ్చు. పోయిన ఎండాకాలం దాకా మేమూ గట్లనే అనుకునేటోళ్లం.

మేమంటే ముగ్గురం. తిరుమలగిరి సాగర్ మండలం తండాల నుంచి వచ్చి హైదరాబాద్‌ల ఒక ఎస్టీ హాస్టల్‌ల ఒకే రూమ్‌ల ఉంటున్నం. ఒకరు బీఎస్సీ ఫిజిక్స్, ఒకరు నర్సింగ్, ఒకరు సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా. ముగ్గురికీ ఇరవై ఏండ్లు అటు ఇటు. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే. ముగ్గురికి తెలిసింది కలిపి రాసినం గనుక అంతటా "మేము" అనే ఉంటది.

ముందు మా కాకీ సంగతి. తెలుగు దోస్తులు నవ్వొద్దు, గోర్ బోలిల చిన్నాయన భార్యను కాకీ అంటం. ఏప్రిల్ నెలల ఉపాధి హామీ పనికి పోయి వచ్చి, బిందె ఎత్తుకోబోతుంటే ఒక్కసారి నెత్తి మీద రోకలితో కొట్టినట్టు నొప్పి లేసిందట. ఆమె మాట అది. మెల్లమెల్లగ పెరిగిన నొప్పి కాదు, ఒక్క నిమిషంలనే ఆకాశానికి పోయింది. రెండు సార్లు కక్కింది. మెడ వంచలేకపోయింది. ఊర్ల సూది వేసే ఆయన ఎండదెబ్బ అని సెలైన్ ఎక్కిచ్చిండు. రాత్రంతా అట్లనే పోయింది. తెల్లారేసరికి ఎడమ కంటి రెప్ప కిందికి వాలింది, మాట మత్తు మత్తుగ వస్తుంది. అప్పుడు 108కి ఫోన్ చేసిన్రు. సిటీ స్కాన్‌ల మెదడు చుట్టూ రక్తం కనబడ్డది. అక్కడి నుంచి హైదరాబాద్‌ల ఒక పెద్ద దవాఖానకు పంపిన్రు. మేము హాస్టల్ నుంచి ఉరికినం. రేషన్ కార్డు జిరాక్సులు, ఆరోగ్యశ్రీ కౌంటర్, రక్తం ఇచ్చేటోళ్లను వెతుకుడు, అన్నీ మేమే చూసుకున్నం.

ఆపరేషన్ అయిపోయినంక ఒక పీజీ డాక్టర్ బయటికొచ్చిండు. మా చిన్నాయన అడిగింది ఒక్కటే మాట: "సక్సెస్ అయిందా సార్?" ఆయన వెంటనే అవునని అనలేదు. "క్లిప్పు పెట్టినం. పెట్టినంక రక్తం పోతుందా లేదా చూసినం. ఒక సన్న నరానికి పోతలేదు. క్లిప్పు తీసి సర్ది మళ్లీ పెట్టినం. ఇప్పుడు పోతుంది" అన్నడు. చిన్నాయనకు ఏం సమజ్ కాలె. నిజం చెప్పాలంటే మాకు కూడా సగమే అయింది. ఆ సగం అర్థం కావడానికి మేము చదివింది, ఆ డాక్టర్‌ను వార్డుల రౌండ్లప్పుడు అడిగి తెలుసుకున్నది కలిపి ఇక్కడ పెడుతున్నం.

ఉబ్బు అంటే ఏంది

మెదడు అడుగున రక్తనాళాలు ఒక గుండ్రటి వలయం లెక్క కలుస్తయి. థామస్ విల్లిస్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1664లో దాని గురించి రాసిండు, ఇప్పటికీ దానికి ఆయన పేరే. నాళాలు చీలే మూలల దగ్గర రక్తం వేగంగ తగులుతది. కొందరికి అక్కడ గోడ పలచబడి, పాత సైకిల్ ట్యూబుకు బుడిపె లేసినట్టు ఉబ్బుతది. దాన్నే అన్యూరిజం అంటరు. పెద్దోళ్లల్ల ప్రతి వంద మందిలో దాదాపు ముగ్గురికి ఇది ఉంటదని లెక్క. చాలామందికి జీవితాంతం పగలదు, ఉన్నట్టు కూడా తెల్వదు. బీపీ ఎక్కువున్నోళ్లకు, బీడీ సిగరెట్ తాగేటోళ్లకు, ఇంట్ల ఎవరికన్న ఇదివరకు వచ్చినోళ్లకు ముప్పు ఎక్కువ. మగోళ్ల కన్న ఆడోళ్లల్ల ఎక్కువ కనబడుతది.

పగిలితే మాత్రం ఊకోదు. ఒకసారి పగిలింది మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటలల్లనే అన్నిటికన్న ఎక్కువ. మా కాకీ ఆ 24 గంటలల్ల ఎక్కువ భాగం సెలైన్ బాటిల్ కింద పండుకొని ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతయి.

పగిలినదాన్ని మూయడానికి రెండు దార్లు. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో నాళంలకెళ్లి సన్న గొట్టం పంపి, ఉబ్బు లోపల ప్లాటినం తీగ చుట్టలు నింపుడు ఒకటి. 1990ల నుంచి ఈ పద్ధతి పెరిగింది. ఇంకోటి పుర్రె తెరిచి, మైక్రోస్కోప్ కింద ఉబ్బు మెడకు సన్న క్లిప్పు పెట్టుడు. బట్టలు ఆరేసే క్లిప్పు లెక్కనే స్ప్రింగుతో పట్టుకుంటది, కాకపోతే టైటానియంతో చేసింది, మన వేలి గోరంత. ఉబ్బు ఎక్కడుంది, ఏ ఆకారంల ఉంది, మనిషి పరిస్థితి ఏంది అన్నదాన్ని బట్టి డాక్టర్లు ఏ దారో తేలుస్తరు. మా కాకీకి క్లిప్పు అన్నరు.

ఈ క్లిప్పు పని మొట్టమొదట చేసింది అమెరికాల బాల్టిమోర్ నగరంల, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిల, వాల్టర్ డాండీ అనే సర్జన్. 1937 మార్చిల, వెండి క్లిప్పుతో. ఆ పేషెంట్‌కు కూడా మా కాకీ లెక్కనే కంటిరెప్ప వాలిపోయిందని చదివినప్పుడు మాకు ఒళ్లు జలదరించింది. ఉబ్బు పెరిగి, కంటిని తిప్పే నరం మీద ఒత్తితే రెప్ప అట్ల వాలుతది. డాండీకి ఆ రోజుల్ల మైక్రోస్కోప్ లేదు. క్లిప్పు పెట్టినంక పక్క నాళాలల్ల రక్తం ఎంత పోతుందో కొలిచే సాధనం అంతకన్న లేదు.

కండ్లకు మంచిగనే కనబడుతది

అసలు కష్టం ఇక్కడుంది. ఉబ్బు మెడకు పెట్టాల్సిన క్లిప్పు ఒక మిల్లీమీటర్ అటు జరిగితే అసలు నాళాన్నే నొక్కుతది. పక్కన వెంట్రుకలంత సన్న కొమ్మలుంటయి, వాటిల ఒకటి క్లిప్పు వెనక ఇరుక్కోవచ్చు. ఇటు జరిగితే ఉబ్బు పూర్తిగ మూసుకోదు, రేపు మళ్లీ పగులుతది. మైక్రోస్కోప్‌ల చూస్తే అంతా సక్కగ కనబడొచ్చు. నాళం కొట్టుకుంటున్నట్టు కూడా కనబడొచ్చు. లోపల పారకం మాత్రం సగానికి పడిపోయి ఉంటది.

మెదడు ఆగదు. మనం కూర్చున్నా పండుకున్నా దానికి నిమిషానికి దాదాపు 750 మిల్లీలీటర్ల రక్తం కావాలె. అంటే ముప్పావు లీటరు. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్లు అన్నట్టు. అది 20 దగ్గరికి పడితే ఆ భాగం పని ఆపేస్తది, కానీ బతికే ఉంటది. 10 కిందికి పోతే నిమిషాలల్ల చచ్చిపోవుడు మొదలు పెడుతది. పని ఆగిన మెదడును కాపాడొచ్చు, చచ్చిన మెదడును ఎవరూ లేపలేరు. పుర్రె మూసి, కుట్లేసి, మత్తు దిగినంక చెయ్యి లేస్తలేదని తెలిస్తే అప్పటికి ఆలస్యం అయితది. క్లిప్పు ఇంకా సర్జన్ చేతికి అందే దూరంల ఉన్నప్పుడే తెలియాలె. కొలిచేది అందుకే.

మన దిక్కు పిల్లలకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలిన్రు. తూము దగ్గర నిలబడి చూస్తే కాలువ నిండ నీళ్లే. చివరి పొలం రైతును అడిగితే ఇంకో కథ చెప్తడు. మా సివిల్ దోస్త్ మాట ఇది: గేటు ఎత్తినం అన్నది ఒక సంగతి, చివరికి ఎన్ని క్యూసెక్కులు చేరినయి అన్నది ఇంకో సంగతి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. మా తండాలైతే ఎత్తు మీద ఉన్నయి. డ్యామ్ పక్కనే ఉన్నా నీళ్లు పైకెక్కవు. అందుకే నెల్లికల్లు లిఫ్టు కావాలని అడిగి అడిగి, 2021లో దానికి శంకుస్థాపన చూసినం. నీళ్లు పక్కనుండుడు, పొలానికి చేరుడు రెండూ ఒకటి కాదని మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఇంకో ముచ్చట. నల్లగొండ బోరు నీళ్లు అద్దం లెక్క తెల్లగుంటయి. అవే తాగి ఎంతమంది నడుములు వంగిపోయినయో మీ అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు తగలదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది పరీక్ష చేస్తేనే తేలుతది. నిమ్స్ డైరెక్టర్‌గా కూడా పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఈ ఫ్లోరోసిస్ వెన్నుపామును ఎట్ల నలిపేస్తదో చాలా ఏండ్లు పరిశోధన చేసి రాసిన్రు. కంటికి మంచిగ కనబడ్డదాన్ని నమ్మి మోసపోయిన జిల్లా మనది. కొలత విలువ మనకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తది?

ఎట్ల కొలుస్తరు

నాలుగు పద్ధతులు చెప్తం. ఒక్కోదానికి ఒక్కో బలం, ఒక్కో లోపం.

మొదటిది డాప్లర్. పెన్ను రీఫిల్ అంత సన్న పుల్ల నాళం మీద పెడితే రక్తం పారే చప్పుడు స్పీకర్‌ల వినబడుతది. చప్పుడు వచ్చిందంటే పారకం ఉన్నట్టే. ధర తక్కువ, నిమిషంల అయిపోతది. కానీ ఇది వేగాన్ని చెప్తది, ఎన్ని మిల్లీలీటర్లో చెప్పదు. నీళ్ల పైపు మూతిని బొటన వేలితో సగం మూసి చూడుండ్రి. నీళ్లు దూరంగ చిమ్ముతయి, వేగం పెరిగినట్టే ఉంటది, బిందె మాత్రం తొందరగ నిండదు. నాళం సగం నొక్కుకుంటే డాప్లర్ చప్పుడు ఇంకా గట్టిగ రావచ్చు. చప్పుడు విని సంబరపడితే మోసం అయితది.

రెండోది రంగు మందు. ఇండోసయనిన్ గ్రీన్ అనే మందు 1950ల నుంచి గుండె, కాలేయం పరీక్షలకు వాడుతున్నరు. 2003లో ఆండ్రియాస్ రాబే అనే న్యూరోసర్జన్ తన తోటి డాక్టర్లతో కలిసి మెదడు ఆపరేషన్‌ల దాన్ని వాడొచ్చని చూపిండు. చేతి నరంల సూదితో ఇస్తే కొన్ని సెకన్లల్ల మెదడు నాళాలకు చేరుతది. మన కంటికి కనబడని పరారుణ కాంతి వేస్తే మైక్రోస్కోప్ కెమెరాల నాళాలు తెల్లగ వెలుగుతయి. రక్తం పోని కొమ్మ చీకటిగ ఉండిపోతది. మా కాకీకి చేసింది ఇదే. పూర్వ కొరాయిడల్ అనే నాళం ఉంటది, ఒక మిల్లీమీటర్ లావు. చెయ్యి, కాలు కదిలించే తీగలన్నీ పోయే ఇరుకు దారికి రక్తం ఇచ్చేది అదే. మొదటిసారి క్లిప్పు పెట్టినంక అది వెలగలేదట. క్లిప్పు తీసి, కొంచెం పక్కకు సర్ది, మళ్లీ మందు ఇచ్చి చూస్తే వెలిగింది. అది చూడకుండ పుర్రె మూసి ఉంటే మా కాకీ కుడి చెయ్యి, కుడి కాలు పోయేటివి. రంగు మందు లోపం ఏందంటే, పారుతుందా లేదా చెప్తది గాని ఎంత అన్నది అంకెల చెప్పదు. క్లిప్పు చాటున, మెదడు మడతల వెనక ఉన్నది కెమెరాకు కనబడదు.

మూడోది పారకం కొలిచే ప్రోబ్. మా ఫిజిక్స్ దోస్త్‌కు దీని మీదనే మనసు పడ్డది. కృష్ణల పుట్టి నడిపేటోళ్లను చూసిన్రు కదా. వాలుకు పోతే తొందరగ చేరుతరు, ఎదురు పోతే ఎక్కువ సేపు పడుతది. పోను రాను పట్టిన సమయంల తేడా చూస్తే ఏరు ఎంత జోరుగ ఉందో లెక్క కట్టొచ్చు. ఈ ప్రోబ్ చేసేదీ అదే. కొక్కెం లెక్క ఉన్న చిన్న మొనను నాళం చుట్టూ తగిలిస్తరు. అది చెవికి వినబడని శబ్ద తరంగాలను రక్తం పారే దిక్కు ఒకసారి, ఎదురు దిక్కు ఒకసారి పంపుతది. రెండిటి నడుమ సమయం తేడా నుంచి నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని అంకె చూపుతది. ఈ మీటర్ అమెరికాల కార్నెల్ యూనివర్సిటీల పుట్టింది. షికాగోల ఇల్లినాయిస్ యూనివర్సిటీ న్యూరోసర్జన్ ఫాడీ షార్బెల్ దీన్ని మెదడు నాళాలకు సరిపోయేటట్టు చేయించిండు. వాళ్ల పద్ధతి తేలికగ అర్థం అయితది: క్లిప్పు పెట్టకముందు కొలువు, పెట్టినంక మళ్లీ కొలువు. పారకం పావు వంతు కన్న ఎక్కువ పడిపోతే క్లిప్పు మళ్లీ చూడు. వంద పైన ఉబ్బుల మీద తమ అనుభవాన్ని వాళ్లు 2006లో అచ్చు వేసిన్రు. దీని లోపం ఏందంటే నాళం చుట్టూ కొక్కెం పట్టేంత జాగా ఉండాలె. మరీ సన్న కొమ్మలకు తగిలించలేరు. మా కాకీ కొమ్మ అసొంటిదానికి రంగు మందే దిక్కు.

నాలుగోది ఆపరేషన్ బల్ల మీదనే యాంజియోగ్రామ్ తీసుడు. అన్నిటికన్న నమ్మకమైన బొమ్మ ఇదే అంటరు. కానీ పెద్ద ఎక్స్‌రే మిషన్ థియేటర్‌లకు రావాలె, దానికి వేరే టీమ్ కావాలె, టైం పడుతది.

అందుకే మంచి టీమ్ ఒక్కదాన్నే నమ్ముకోదు. డాప్లర్ విని, రంగు చూసి, వీలైతే అంకె కూడా చూస్తరు. చేతులు కాళ్లకు పోయే సంకేతాలను కరెంటు తీగలతో కనిపెట్టుకుంట ఒకరు కూర్చుంటరు. నాళాన్ని తాత్కాలికంగ మూసినప్పుడు ఎన్ని నిమిషాలు అయిందో ఒకరు గట్టిగ చదువుతుంటరు.

మన తండాలకు

మా కాకీ బతికింది. చెయ్యి, కాలు ఆడుతున్నయి. కంటిరెప్ప ఇంకా పూర్తిగ లేవలేదు. మూడు వారాల పాటు నాలుగు గంటలకొకసారి వేసే గోలీలు ఉండె. రాత్రి రెండింటికి లేపి మరీ వేసినం. ఆ గోలీ నాళాలు బిగుసుకుపోయి మెదడు దెబ్బ తినకుండ కాపాడుతది, ఒక్క డోసు కూడా తప్పొద్దని నర్సమ్మ గట్టిగ చెప్పింది.

థియేటర్ లోపల అంత జాగ్రత్తగ నిమిషాలు లెక్కపెట్టిన్రు. బయట మన దగ్గర ఒక రాత్రంతా లెక్క లేకుండ పోయింది. ఇది మాకు మింగుడు పడని సంగతి. అందుకే ఈ మాటలు ఇంట్ల గోర్ బోలిలనో, కోయలనో, మీ భాష ఏదైతే దాంట్ల చెప్పుండ్రి:

ఒక్కసారిగ, పుట్టినప్పటి నుంచి ఎన్నడు రానంత తలనొప్పి వస్తే, దాంతో వాంతులు, మెడ పట్టేసుడు, రెప్ప వాలుడు, ఫిట్స్, సోయి తప్పుడు ఏది ఉన్నా అది ఎండదెబ్బ అనుకోవద్దు, గాలి సోకిందని తాయెత్తు కోసం తిరగొద్దు. 108కి ఫోన్ చేయాలె. సిటీ స్కాన్ ఉన్న దవాఖానకే పోవాలె. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో చిట్టీ మీద రాసి వెంట పంపాలె. అక్కడ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. ఆధార్, రేషన్ కార్డు ఒక్క కవర్‌ల పెట్టి దూలానికి వేలాడదీయుండ్రి, వెతుకుతుంటే గంట పోతది. తెలంగాణల ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు ఉంది. పైసలు లేవని ఇంట్ల ఆగొద్దు.

బీపీ చూపించుకొమ్మని అమ్మానాయనలను పోరు పెట్టుండ్రి. మా కాకీకి ఆ రోజు దాకా ఒక్కసారి కూడా బీపీ పట్టా చేతికి కట్టలేదు. మొన్న సెలవులకు పోయినప్పుడు మా నర్సింగ్ దోస్త్ మిషన్ పట్టుకపోయి తండాల ఇల్లిల్లు తిరిగిండు. ముసలోళ్లు నవ్విన్రు, అయినా చెయ్యి చాపిన్రు. నాయక్ ఇంటి కాడ బల్లేసి, ఒక నోట్‌బుక్కుల పేరు, తారీఖు, అంకె రాసిపెట్టినం. ఎక్కువ వచ్చినోళ్లను వారం తర్వాత మళ్లీ చూసి, అప్పటికీ ఎక్కువే ఉంటే ప్రభుత్వ దవాఖానకు తోలినం.

చివరి మాట ఇంటర్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మన ఇండ్లల్ల మెడిసిన్ సీటు వస్తే డాక్టర్, రాకపోతే ఏం లేదు అనుకుంటం. ఆ థియేటర్‌ల సర్జన్ ఒక్కడే లేడు. మత్తు మిషన్ చూసే టెక్నీషియన్ ఉన్నడు, సామాన్లు అందించే వాళ్లు ఉన్నరు, చేతికాళ్ల సంకేతాలు చూసే మనిషి ఉన్నడు, మిషన్లు బాగు చేసే బయోమెడికల్ ఇంజనీరు ఉన్నడు. అనస్థీషియా టెక్నాలజీ, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ, బీఎస్సీ నర్సింగ్, బయోమెడికల్ ఇంజనీరింగ్ అన్నీ ఇంటర్ తర్వాత చదివేటివే. మాకు ఈ పేర్లు ఇంటర్‌ల ఒక్కరు కూడా చెప్పలేదు. చెప్పే చదువుకున్న అన్న, అక్క మా ఇండ్లల్ల లేకుండె. ఇప్పుడు మేము ఉన్నం. ఏ కోర్సు ఎక్కడుంది, కులం సర్టిఫికెట్, స్కాలర్‌షిప్ కాయిదాలు ఎట్ల పెట్టాలె అన్నది అడగుండ్రి, మాకు తెలిసింది చెప్తం, తెల్వనిది కనుక్కొని చెప్తం. ఆదివారం పొద్దుగాల హాస్టల్‌లనే ఉంటం.